తలుపునకు పిల్లికంత



నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము విని కొందఱు నవ్వుకొనవచ్చును. ముప్పదియైదేండ్లు బడిలో బిడ్డలకు శబ్దములు, సంధులు చెప్పిన పంతులు విశ్రాంతి దొరకినపిదప తలుపునకు పిల్లికంత పెట్టు విధానమును చెప్పుటకు వచ్చినాడా యని మీరనవచ్చును. అవును, అందులకే వచ్చితిని. ఏలయనగా ఈ చిన్నపని సకాలమున చేయనందువలన మా యింట ఒక అనర్థము జరిగినది. అది మీ యిండ్ల జరుగరాదని నా కోరిక.

పిల్లికంత యనగా, తలుపు మూసియున్నను పిల్లి తనంతట తాను వచ్చుటకును పోవుటకును తలుపు అడుగుభాగమున కోసిన చిన్న ద్వారము. దానికి పైనుండి వ్రేలాడు ఊగుడురెక్క నొకదానిని అమర్చుదురు. పిల్లి తలతో త్రోసినచో రెక్క లేచును; దాటినపిదప తనంతట తానే పడి మూసికొనును. చెప్పుటకు ఇంతే. చేయబూనినపుడుగాని ఇందలి చిక్కులు తెలియవు.

మనుష్యుడు ధాన్యము నిలువచేయ నేర్చిననాడే ఎలుక అతని యింట చేరినది. ఎలుక వెంట పిల్లి వచ్చినది. మధ్యధరాసముద్రమునందలి సైప్రసు ద్వీపమున ఫ్రెంచి పురాతత్త్వవేత్తలు త్రవ్వకములు జరిపి, ఇంచుమించు 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే పిల్లినిగూడ పూడ్చియుండుట కనుగొని 2004వ సంవత్సరమున ప్రకటించిరి. పిల్లిజాతి ఆ ద్వీపమున స్వతస్సిద్ధముగా లేదు. ఎవరో పడవలో తీసికొనిపోయినదే. మన సంస్కృతనిఘంటువులలో పిల్లికి ఆఖుభుక్కు అను పేరు కలదు. ఎలుకలను తినునది యని యర్థము. మార్జార మనుమాట తుడుచుట, శుభ్రపఱచుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. పిల్లి ముంగాలు నాకి మొగము తుడుచుకొనుట చూచినవారికి ఆ వ్యుత్పత్తిని వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను మనవారికి దానిపై ఆదరముకంటె అనుమానమే హెచ్చు. దొంగతపసికి దానినే పోలిక చెప్పిరి. మహాబలిపురపు శిలమీద ముంగాళ్ళు పైకెత్తి తపస్సుచేయుచున్న పిల్లియు, దానిచెంత ఎలుకలును చెక్కబడియున్నవి. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు లోమశుడను పిల్లి, పలితుడను ఎలుక కథ చెప్పెను. ఆ స్నేహము ఇరువురకును ప్రాణభయమున్నంతసేపే నిలిచినది. మనకును పిల్లికిని గల సంబంధమును అట్టి ఒడంబడికయే. ఎలుకలను పట్టుట దాని వంతు. దానికి దారి విడుచుట మన వంతు. మన వంతును మనము తలుపు మూసి మఱచుచున్నాము.

మా తాతగారి మండువాలోగిలిలో ధాన్యపు కొట్టుగదికి గోడ అడుగున జానెడు కంత యుండెడిది. దానికి రెక్క లేదు, అడ్డు లేదు. పిల్లి పగలు గాదెలనడుమ నిద్రించి రాత్రి తన పని చూచుకొనెడిది. నాకు పదియేండ్లప్పుడు, ఒక వానకాలపు రాత్రి, ఆ కంతగుండ త్రాచుపాము లోనికి వచ్చి గాదెక్రింద చుట్టుకొని పడుకొన్నది. తెల్లవాఱి ధాన్యము తీయబోయిన పాలేరు దానిని చూచి ఒక్క దుముకున మండువాలో పడెను. ఎవరికిని అపాయము కలుగలేదు. ఆ సాయంకాలమే తాతగారు కంతను ఇటుకముక్కలతోను అడుసుతోను మూయించిరి. నాటినుండి మనుష్యులు తలుపు తెఱచినపుడే పిల్లికి ప్రవేశము. తాతగారు చేసినది తప్పని నేననను. తెఱచిన కంతకు వచ్చునది పిల్లియో పామో తెలియదుగదా!

ఆ యిల్లు నా భాగమునకు వచ్చినది. ఆఱేండ్లక్రిందట మా మనుమరాలి అన్నప్రాశనమునకు నేనును మా యిల్లాలును నాలుగుదినములు పొరుగూరు పోవలసివచ్చెను. ప్రయాణపు తొందరలో కొట్టుగదికి తాళము వేసినవాడను నేనే. మా పిల్లి పిల్లలను పెట్టినదని ఎఱుగుదును. ఎక్కడ పెట్టినదో విచారింపలేదు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత యున్నది గదా, ఎక్కడనో త్రిప్పుచుండునని యూరకుంటిని. అవి గాదెవెనుక గోనెసంచులమీద నున్నవి. నేను తాళము వేసినవేళ తల్లి పెరటిలో నున్నది.

తిరిగివచ్చునప్పటికి తలుపు అడుగుపలకమీద రక్కిన గాట్లు తెల్లగా కనబడెను. అది మూడుతరములనాటి టేకుచెక్క; ఉలికిగూడ సులభముగ లొంగదు. పిల్లి రెండురాత్రులు అరచుచుండెననియు, మూడవరాత్రి అరపు వినబడలేదనియు పొరుగువారు చెప్పిరి. తాళపుచెవి నాయొద్ద నుండెను, వారేమి చేయగలరు? తలుపు తెఱచితిని. మూడు పిల్లలు. ఇంకను కన్నులు విప్పనివి. ఆ సంగతిని నేను వర్ణింపను. తల్లి నా కాళ్ళప్రక్కగా లోనికి పోయి ఒక్కొక్కదానిని వాసనచూచి మరల వెలుపలికి వచ్చెను. తొమ్మిదిదినములు ఇల్లు చేరలేదు.

పిల్లిని చంపిన పాపము పెద్దదని మా యిల్లాలు కంటతడి పెట్టుకొనెను. ధర్మశాస్త్రములలో ప్రాయశ్చిత్తములు చెప్పబడియున్నవి, నేను చదివినవాడనే. కాని ఆ దినమున నాకు వడ్రంగి జ్ఞప్తికి వచ్చెను.

అతడు చిన్నతనమున నాయొద్ద చదువుకొన్నవాడు. కోరిక విని తలుపుమీద అరచేయి వైచి, "మాష్టారూ! బంగారంవంటి తలుపు. తాతలనాటిది. దీనికి కన్నం పెట్టమంటారా? బాగా ఆలోచించుకొన్నారా?" అనెను. ఈలోపల వార్త ఊరిలో ప్రాకినది. ఒక పెద్దమనిషి వచ్చి గడప నఱికింతువా, లక్ష్మి నిలుచునా యనెను. గడపజోలికి పోనక్కఱలేదు, కోయునది తలుపుపలకనే. అదియు సింహద్వారముది కాదు, పెరటివైపు కొట్టుగదిది. ఇంకొకరు, ఊరికి బయలుదేరునపుడు పిల్లి ఎదురు వచ్చునే యనిరి. పిల్లి ఎదురైననాడు నాకు కలిగిన నష్టమేదియు జ్ఞప్తికి రాదనియు, ఎదురురాని నాడే మూడు ప్రాణములు పోయినవనియు చెప్పితిని. ఆయన మఱి మాటలాడలేదు.

మూడవ ఆక్షేపణ మాత్రము బరువైనది. పిల్లిదూరు కంతలో దొంగచేయి దూరదా? దూరును. కంతకు ప్రక్కన మోకాళ్ళమీద కూర్చున్నవాడు చేయి పైకి చాచినచో రెండున్నర అడుగుల యెత్తువఱకు అందును. కావున తలుపులోపలి గడియయు గొళ్ళెమును కంతకు అంతకంటె దూరముగ నుండవలెను. మా తలుపునకు అడుగున నొక చిన్నగడియ యుండెను. దానిని ఊడదీయించి పైకి మార్పించితిని. కంత కోయకముందే ఈ సంగతి చూచుకొనుడు.

ఈ కంత మన యూరిలోనే పుట్టిన వింతయని తలపవలదు. ఇంగ్లండుదేశమున ఎక్సెటరు నగరమున పెద్దచర్చి యొకటి కలదు. దాని ఉత్తరభాగమున గ్రహగతులను చూపు పురాతనమైన గడియారమున్నది. దానిక్రిందితలుపునకు గుండ్రని పిల్లికంత నేటికిని కనబడును. ఆ చర్చి లెక్కలలో 1305 మొదలు 1467 వఱకు పిల్లి పోషణకై మూడుమాసములకు 13 పెన్నీలు, అనగా వారమునకొక్క పెన్నీ, ఇచ్చినట్లు వ్రాసియున్నది. 1598లో విలియం కాటను అను మతాధికారి తన పిల్లికొఱకు ఆ తలుపునకు కంత కోయించి వడ్రంగులకు 8 పెన్నీలు ఇప్పించెను. గడియారపు మోకులకు పూయు క్రొవ్వును ఎలుకలు మరగెనని చెప్పుదురు. న్యూటను మహాశయుడు పెద్దపిల్లికి పెద్దకంత, కూనకు చిన్నకంత కోయించెనని యొక హాస్యకథ యున్నది. దానికి ఆధారము లేదు. కొందఱాయనయే పిల్లికంతను కనిపెట్టెనందురుగాని, న్యూటను పుట్టినది 1642లో. 1400లో మరణించిన ఆంగ్లకవి చాసరు తన కథలలో నొకదానియందు, పిల్లి దూరు కంతగుండ పనివాడు గదిలోనికి తొంగిచూచినట్లు వ్రాసియే యున్నాడు. ఎక్సెటరువారు ఎనిమిది పెన్నీలకు సాధించినదానికి మన వడ్రంగి ఒకపూటకూలి పుచ్చుకొనెను.

ఇక పనికి వత్తము. మొదట పిల్లిని కొలువవలెను. పిల్లి తల దూరినచోట ఒడలు దూరునని పెద్దలందురు. ఆ మాట చాలవఱకు నిజమే. దాని మెడయెముకలు మనవానివలె భుజపుటెముకలతో గట్టిగా కలిసియుండవు, కండలలో తేలుచుండును. అందుచేత భుజములను ముడుచుకొని ఇఱుకుసందులలో పోగలదు. మీసములతో సందు వెడల్పును తెలిసికొనును. కాని చూలుపిల్లి నడుము తలకంటె చాల వెడల్పు. ఏ సమయమున కంత మిక్కిలి యవసరమో ఆ సమయముననే అది పట్టక చిక్కుకొన్నచో ఏమి లాభము? కాబట్టి 6 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల యెత్తు ఉండవలెను. గండుపిల్లి బాగుగా బలిసినదైనచో ఎత్తున ఇంకొక అంగుళము కలుపుడు.

కంత అడుగుఅంచు నేలకు ఎంత యెత్తున నుండవలెను? పిల్లి నిలువబడినపుడు దాని కడుపు ఎంత యెత్తుననుండునో అంత. అనగా 4 మొదలు 6 అంగుళములు. మఱీ క్రిందుగా నున్నచో అది వంగి ప్రాకవలసివచ్చును, వెన్ను రాచుకొనును. మఱీ మీదుగా నున్నచో దుమకవలెను. ముసలిపిల్లికి అది కష్టము. ఇక్కడ మన తలుపులకొక చిక్కున్నది. గడప యుండుటవలన తలుపురెక్క నేలనుండి కొంత యెత్తునగాని మొదలిడదు. లోపలినేల, వెలుపలినేల ఒక మట్టమున నుండవు. పైగా పలకలను పట్టియుంచు అడ్డచెక్కను కోసినచో తలుపు బలము చెడును; కంత దానికి పైననే రావలెను. మా యింట కొలిచిచూడగా కంత అంచు లోపలినేలనుండి 6 అంగుళములును, వెలుపలినేలనుండి 10 అంగుళములును వచ్చెను. వెలుపల 4 అంగుళముల మందముగల రాతిని మెట్టుగా వేయించితిని. రెండువైపులను కొలువక పని మొదలిడినవారికి ఈ రాయి తరువాతగాని జ్ఞప్తికి రాదు.

తలుపును బందులనుండి ఊడదీసి పడుకోబెట్టి, గీతగీచి, నాలుగుమూలల బరమాతో రంధ్రములుచేసి, వానిలోనుండి సన్నరంపము పోనిచ్చి కోయవలెను. నిలువబెట్టి కోసినచో చెక్క చీలును. పిల్లి రక్కిన గాట్లున్న పలకయే మాకు కంతకు తగిన చోటయ్యెను. కోయగా వచ్చిన ముక్కనే రెక్కగా చేయుమంటిని. వడ్రంగి దానికి చిత్రిక పట్టబోగా, గాట్లున్నవైపు ముట్టవలదని చెప్పితిని. అతడు నా మొగము చూచి, రెండవవైపునుండియే చెక్కి పావు అంగుళమునకు పలుచన చేసెను. అంగుళము మందమున్న టేకుముక్కను పిల్లికూన త్రోయలేదు. పైఅంచును గుండ్రముచేసి, దానిలో ఇనుపఊచ దూర్చి రెండుకొనలను తలుపున బిగించెను. ఇప్పుడు గాజువంటి ప్లాస్టికురెక్కతో సిద్ధముగా అమర్చినవి అంగళ్ళలో దొరకుచున్నవి. ఆవల ఏమున్నదో కనబడుటచే పిల్లి త్వరగా అలవాటుపడును. చెక్కయైనను చెడ్డది గాదు.

రెక్కచుట్టును విడిచెడి సందులోనే అసలు కిటుకున్నది. సందు లేనియెడల వానకాలమున చెక్క ఉబ్బి రెక్క బిగిసిపోవును. గోదావరితీరమున మాకు అది ప్రతియేడు తెలిసినదే. సందు ఎక్కువైనచో, పెన్సిలు దూరినచోట చిట్టెలుక దూరును. మనము పిల్లికి తీసిన దారి ఎలుకకే రాజమార్గమగును. పాముపిల్లకును అంతే. కాబట్టి అరపావు అంగుళము మించరాదు. కంత అంచులకు రేకు కొట్టింపవలెను. ఎలుక కొఱుకుడుపండ్లు బ్రతికినంతకాలము పెరుగుచుండును. వానిని అరగదీసికొనుటకు అది చెక్కను వెదకుచుండును. రెక్క అడుగున చిన్న అయస్కాంతపుముక్కయు, దానికెదురుగా కంతఅంచున ఇనుపబిళ్ళయు బిగించినచో గాలికి కొట్టుకొనదు. పామో చిట్టెలుకయో ముట్టెతో తాకినంతమాత్రమున కదలదు. పిల్లి తల బరువునకు లొంగును. పందికొక్కును మాత్రము ఇది ఆపునని నేననను. అది బలమైనది, పిల్లియు దానిజోలికి పోవ సందేహించును. కాని అది సాధారణముగ నేల త్రవ్వుకొని పునాదిక్రిందుగా వచ్చునదిగాని తలుపు త్రోసికొని వచ్చునది గాదు. దానికి వేఱు ఉపాయము, వేఱు ప్రసంగము.

లోపలివైపొకటి, వెలుపలివైపొకటి తిరుగుడుబిళ్ళలు పెట్టించితిని. లోపలిబిళ్ళను అడ్డముగ త్రిప్పినచో రెక్క లోనికి లేవదు. పిల్లి వెలుపలికి పోగలదుగాని మరల రాలేదు. వెలుపలిబిళ్ళ త్రిప్పినచో వచ్చినది పోలేదు. ఊరి గండుపిల్లులు తిరుగుకాలమున ఇవి కొంత పనికివచ్చును. అవి పరుల కూనలను చంపుట కలదు. ఇట్లు బిళ్ళ వేయునపుడు తల్లి ఏవైపుననున్నదో కంటితో చూచిగాని వేయరాదు. తాళమువేసి ఊరికి పోవునపుడు రెండుబిళ్ళలును విడిచియుండవలెను. మా యిల్లాలు కొట్టుగది తాళపుచెవికి ఎఱ్ఱదారము కట్టినది. ఆ దారము చేతికి తగిలినపుడెల్ల నేను వంగి బిళ్ళలు చూచుచున్నాను.

పరదేశములలో ఈ విషయమున చాల దూరము పోయిరి. పిల్లి మెడచర్మముక్రింద బియ్యపుగింజంత చిప్పును పశువైద్యులు ఉంచుదురు. దానిలో 15 అంకెల సంఖ్య యుండును. కంతలోని యంత్రము ఆ సంఖ్యను చదివి తన యింటిపిల్లికే రెక్క విడుచును. ఇంగ్లండులో 20 వారములు నిండులోపల పెంపుడుపిల్లికి చిప్పు పెట్టింపవలెనని 2024 జూను 10వ తేదీనుండి చట్టముగూడ అమలులోనికి వచ్చెను. మన కొట్టుగదులకు ఇంత యేర్పాటు అక్కఱలేదని నా తలంపు.

తొమ్మిదవదినమున మా పిల్లి తిరిగివచ్చెను. అప్పటికి తలుపు బిగించియుంటిమి. మొదటివారము రెక్కను దారముతో పూర్తిగా పైకెత్తి కట్టియుంచితిని. కంత యున్నదని తెలియుటకు అంతే చాలును. తరువాత రెండుమూడు దినములకొకసారి దారము కొంచెము కొంచెము వదలుచు రెక్కను దించితిని. పిల్లికి కంత వలన భయము లేదు, చప్పుడువలన భయము. అందుచేత అయస్కాంతమును చివరనే బిగింపవలెను. మా యింట ఎండుచేప యుండదు గనుక రెక్కకు ఆవల రవ్వంత మీగడ ఉంచితిని. పెరిగినపిల్లులలో పెక్కింటికి పాలు సరిగా జీర్ణముగావు; గిన్నెడు పాలు పోసి విరేచనములు తెప్పింపవలదు. పిల్లిని పట్టి బలవంతముగ కంతలో త్రోయుట అన్నిటికంటె చెడ్డపద్ధతి. ఒక్కసారి అట్లు చేసినచో నెలదినములు అటు చూడదు. మా పిల్లి పదునెనిమిదవనాడు తానై రెక్క త్రోసెను. ఆ మఱుసటియేడు మరల గాదెవెనుకనే పిల్లలను పెట్టెను.

పిల్లికి దారి విడిచినయింట ఎలుకలమందు పెట్టరాదు. ఇప్పటి మందులలో కొన్ని రక్తమును గడ్డకట్టనీయక ఎలుకను కొన్నిదినములకు చంపును. ఆ నడుమ నీరసించి తిరుగు ఎలుక పిల్లికి సులభముగ చిక్కును. మందు పిల్లి కడుపులో చేరును. పిల్లియో మందో, ఏదో ఒకటి. వెలుపల తిరుగు పిల్లికి పిచ్చికుక్కకాటుజబ్బు సోకవచ్చును, దానివలన మనకును రావచ్చును గనుక పశువైద్యశాలలో టీకా వేయించుడు.

వానకాలమునకు ముందు రెక్కఊచకు ఒక చుక్క నూనె వేసి, సందులలో చేరిన దుమ్మును కుంచెతో దులిపి, రెక్కను వ్రేలితో రెండువైపులను ఊపి చూడుడు. అది బిగిసినచో పిల్లి ఒకటిరెండుమారులు త్రోసిచూచి ఊరకుండును. ఆ సంగతి ఇంటివారికి తెలియదు.